ఘంటసాల: గళానికి అందని హక్కు

అమరగాయకుడు ఘంటసాల వేంకటేశ్వరరావు 1922లో కృష్ణా జిల్లా చౌటపల్లిలో జన్మించారు. విజయనగరంలో మధూకరం చేసుకొని సంగీతం అభ్యసించారు. 1942 ఉద్యమంలో కారాగారవాసం అనుభవించారు. పిమ్మట మదరాసు చేరి చలనచిత్రగాయకులై ప్రఖ్యాతి గడించారు.

మన ప్రొద్దుటూరు పెళ్లిపందిళ్లలో, జమ్మలమడుగు, పులివెందుల టీకొట్లలో ఆయన పాట మ్రోగని నాళ్లు అరుదు. అయినను 1957 నాటి మన కాపీరైటు చట్టం రికార్డుపై హక్కును దానిని తయారుచేసిన కంపెనీకే ఇచ్చి, పాడినవానిని విస్మరించింది. పాడినవాడు లేక రికార్డెక్కడిది? 1971లో ఆయన కచేరీ చేసిన జర్మనీలోనో, రేడియోవారు వేసిన రికార్డులకు గాయకుల వాటా వసూలుచేసే సంస్థ 1959 నుండియే ఉన్నది.

1974 ఫిబ్రవరి 11న ఆయన కన్నుమూశారు. భగవద్గీత రికార్డు ఆ పిదపనే వెలువడింది. గాయకుల హక్కును గుర్తించిన సవరణ 1994లో వచ్చింది. వారి రాయల్టీ వసూలుకు ఏర్పడిన సంఘం 2013లో నమోదైంది.