రహస్యం తెలిసింది బేగంపేటలో.. రాస్ పోరు నీటిగుంటలపై

సికింద్రాబాద్: ఏటా ఆగస్టు 20వ తేదీని ప్రపంచమంతటా దోమల దినంగా పాటిస్తారు. 1897లో అదే రోజున బేగంపేటలోని సైనిక వైద్యశాలలో రొనాల్డ్ రాస్ ఒక దోమ పొట్టలో మలేరియా క్రిమిని కనుగొన్నారు. జంటనగరాల వాసులకు ఈ ఉదంతం కొంతవరకు పరిచితమే. ఆ భవనం నేటికీ ఆయన పేరుతోనే నిలిచి ఉంది. నల్లకుంటలో జనం కోరంటి దవాఖాన అని పిలుచుకునే జ్వరాల ఆసుపత్రికి సైతం అధికారికంగా ఆయన పేరే పెట్టారు. అయితే పాఠ్యపుస్తకాలు ఈ కథను నోబెల్ బహుమతితో ముగించివేస్తాయి. రాస్ దృష్టిలో అది సగం పని మాత్రమే. ఊళ్లలో నిలిచిన నీటిని తొలగించేందుకు పాలకులను ఒప్పించడం మిగిలిన సగమని ఆయన భావించారు. ఆ సగానికే తన శేష జీవితంలో అధిక భాగాన్ని వెచ్చించారు.

అల్మోరాలో పుట్టి.. కవి కావాలనుకుని

రాస్ 1857 మే 13న హిమాలయ పాదాల చెంతనున్న అల్మోరాలో జన్మించారు. మీరట్‌లో సిపాయిల తిరుగుబాటు రగిలి అప్పటికి మూడు రోజులే అయింది. తండ్రి బ్రిటిష్ ఇండియా సైన్యంలో అధికారి. పది మంది సంతానంలో రాస్ పెద్దవారు. ఎనిమిదో ఏట చదువు కోసం ఇంగ్లండ్‌కు పంపారు. కవిత్వం, సంగీతం, చిత్రలేఖనం అంటే ఆయనకు ప్రాణం. వైద్యంపై ఏమాత్రం మక్కువ లేదు. తండ్రి మాట కాదనలేక లండన్‌లోని సెయింట్ బార్తలోమ్యూ వైద్య కళాశాలలో చేరారు. అక్కడ చదువు అంతంత మాత్రంగానే సాగింది. ఒక పరీక్షలో తప్పి, కొంతకాలం ఓడలో వైద్యుడిగా పనిచేసి, ఎట్టకేలకు 1881లో భారత వైద్య సేవలో ప్రవేశించారు.

ఉద్యోగం తొలినాళ్లలో రోగులకన్నా నవలలు, నాటకాలు, గణితమే ఆయన కాలాన్ని ఎక్కువగా తీసుకున్నాయి. అయినా 1883లో బెంగళూరులో జరిగిన ఒక చిన్న సంఘటన ఆయన మనసులో నాటుకుంది. తాను నివసించే బంగళాలో దోమల బాధ విపరీతంగా ఉండేది. కారణం వెదకగా కిటికీ వెలుపల ఉంచిన నీటి తొట్టి కంటబడింది. దానినిండా దోమ పిల్లలే. తొట్టిని బోర్లించగానే దోమలు తగ్గిపోయాయి. సైనికాధికారుల భోజనశాలలోనూ ఇలాగే చేయవచ్చునని పైఅధికారికి సూచిస్తే ఆయన ఎగతాళి చేశారు. దోమలను సృష్టించిన ప్రకృతికి ఏదో ఉద్దేశం ఉంటుందని, వాటిని భరించడమే మన ధర్మమని తోసిపుచ్చారు. నీటిని పారబోయించడం దోమను పట్టడం కన్నా కష్టమని రాస్‌కు తెలియవచ్చిన తొలి సందర్భం బహుశా ఇదే. మలేరియాకు, దోమకు సంబంధం ఉందన్న ఊహ మాత్రం ఆయనకు అప్పటికి లేదు.

1888లో సెలవుపై లండన్ వెళ్లిన రాస్ ప్రజారోగ్య శాస్త్రంలో డిప్లొమా కోర్సులో చేరారు. సూక్ష్మజీవుల అధ్యయనం కూడా నేర్చుకున్నారు. మరుసటి ఏడాది రోసా బ్లాక్సమ్‌ను వివాహమాడారు. 1894లో మళ్లీ సెలవుపై వెళ్లినప్పుడు పాట్రిక్ మాన్సన్ అనే వైద్యునితో ఏర్పడిన పరిచయం ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది. మలేరియా రోగుల రక్తంలో ఒక క్రిమి ఉంటుందని ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్ 1880లోనే అల్జీరియాలో కనుగొన్నారు. మాన్సన్ దానిని సూక్ష్మదర్శినిలో రాస్‌కు చూపించారు. ఆ క్రిమి దోమలో పెరుగుతుండవచ్చునన్న తన ఊహను కూడా పంచుకున్నారు. చెడుగాలి వల్ల చలిజ్వరం వస్తుందని అప్పటికి లోకమంతా నమ్మేది. మలేరియా అన్న పదానికి అర్థమే చెడుగాలి.

హుసేన్ ఖాన్, పది అణాలు

1895 వేసవిలో రాస్ సికింద్రాబాద్ చేరుకున్నారు. 19వ మద్రాసు పదాతి దళానికి వైద్యాధికారిగా పనిచేస్తూనే పరిశోధన ఆరంభించారు. జ్వరంతో ఉన్నవారిని దోమతెరలో పడుకోబెట్టి, లోపల దోమలను వదిలి, అవి రక్తం తాగిన తరువాత వాటి పొట్టలను కోసి చూసేవారు. కుట్టిన ఒక్కో దోమకు రోగికి ఒక అణా చొప్పున ముట్టజెప్పేవారు. పేదరోగి శరీరాన్ని ఇలా వినియోగించుకోవడాన్ని నేటి వైద్య నియమాలు అంగీకరించవు. ఆనాడు అడిగేవారే లేరు.

దాదాపు రెండేళ్లు ఆయనకు ఏమీ దొరకలేదు. కారణం సులువైనదే. ఆయన కోసి చూస్తున్న దోమలు మలేరియాను మోసే జాతివి కావు. దోమలలో జాతుల తేడాలు వివరించే పుస్తకాలు ఆయన వద్ద లేవు. బూడిదరంగువి, చారలవి, రెక్కలపై మచ్చలవి అంటూ సొంత పేర్లు పెట్టుకున్నారు. నడుమ 1895 సెప్టెంబరులో కలరా, పారిశుద్ధ్యం పనిమీద ప్రభుత్వం ఆయనను బెంగళూరుకు బదిలీ చేసింది. పరిశోధన దెబ్బతిన్నదని రాస్ బాధపడ్డారు గానీ బావులు, మురుగు, చెత్త వంటి పట్టణ పారిశుద్ధ్యం ఎలా నడుస్తుందో ఆయన నేర్చుకున్నది అక్కడే. 1897లో ఊటీ ప్రాంతానికి వెళ్లినప్పుడు స్వయంగా మలేరియా బారిన పడ్డారు.

1897 జూన్‌లో సికింద్రాబాద్‌కు తిరిగి వచ్చారు. ఎండలు మండిపోతున్నా పంకా వేయనిచ్చేవారు కాదు. గాలికి దోమలు ఎగిరిపోతాయన్న భయం. నుదుటి చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయి. అద్దం పగిలింది. ఆగస్టు 16న గోడపై తోక పైకెత్తి వాలిన ఒక దోమను ఆసుపత్రి సహాయకుడు ఒకరు చూపించారు. అనాఫిలిస్ దోమను ఇంట్లో గుర్తుపట్టేందుకు ఆరోగ్య కార్యకర్తలు నేటికీ చెప్పే ఆనవాలు ఇదే. మిగతా దోమలు గోడకు సమాంతరంగా కూర్చుంటాయి, ఇది ఏటవాలుగా కూర్చుంటుంది. అదే రోజు రెక్కలపై మచ్చలున్న పది దోమల చేత హుసేన్ ఖాన్ అనే రోగిని కుట్టించి, ఆయనకు పది అణాలు చెల్లించారు.

వాటిలో కొన్ని చచ్చిపోయాయి. కొన్నింటిని కోసినా ఫలితం కానరాలేదు. 20వ తేదీకి రెండే మిగిలాయి. ఆ రోజు మధ్యాహ్నం కోసిన దోమ పొట్ట గోడలో గుండ్రని కణాలు, వాటిలో మలేరియా క్రిమికే ప్రత్యేకమైన నల్లని రేణువులు కనిపించాయి. మరునాడు చివరి దోమను కోశారు. కణాలు మరింత పెద్దవయ్యాయి. అంటే క్రిమి దోమలో పెరుగుతున్నదని రుజువైంది. ఈ వివరాలు ఆ ఏడాది డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయ్యాయి.

ఇంతటి ఫలితం దక్కిన కొద్ది వారాలకే ఆయనను రాజపుటానాలోని ఖేర్వాడాకు బదిలీ చేశారు. అక్కడ మలేరియా రోగులు దొరకడమే గగనం. మాన్సన్ లండన్‌లో పట్టుబట్టిన పిమ్మట 1898 ఆరంభంలో కలకత్తాకు పంపారు. అక్కడ మరో చిక్కు ఎదురైంది. ప్లేగు టీకాలపై వదంతులు వ్యాపించి ఉండటంతో వేలికి సూది గుచ్చనిచ్చేందుకు జనం ఒప్పుకోలేదు. మనుషులు దొరకక రాస్ పక్షుల మలేరియా వైపు మళ్లారు. అదే ఏడాది జులైలో క్రిమి దోమ లాలాజల గ్రంథుల్లోకి చేరుతుందని, దోమకాటుతోనే ఆరోగ్యంగా ఉన్న పిచ్చుకలకు సోకుతుందని నిరూపించారు. మనుషుల మలేరియాలో ఇదే క్రమాన్ని ఇటలీకి చెందిన గ్రాసీ బృందం ఆ ఏడాది చివర్లో నిర్ధారించింది. ఘనత ఎవరిదన్న వివాదం ఇద్దరి మధ్య జీవితాంతం సాగింది. ఆ వివాదంలో రాస్ వాడిన పరుష భాష ఆయన గౌరవాన్ని పెంచలేదు. 1902లో వైద్యశాస్త్ర నోబెల్ ఆయన్ను వరించింది. ఆ బహుమతి పొందిన తొలి బ్రిటిష్ పౌరుడు ఆయనే.

దోమల దండు

1899లో ఉద్యోగానికి స్వస్తి చెప్పి లివర్‌పూల్‌లో కొత్తగా వెలసిన ఉష్ణమండల వైద్య విద్యాలయంలో రాస్ అధ్యాపకులుగా చేరారు. ఆ ఏడాదే పశ్చిమాఫ్రికాలోని ఫ్రీటౌన్‌కు వెళ్లి మలేరియా దోమలు ఎక్కడ పుడుతున్నాయో వీధివీధి గాలించారు. పెద్ద చెరువులు, నదుల కన్నా ఇళ్ల పక్కన నిలిచిన చిన్న గుంటలే ముఖ్యమని గ్రహించారు. 1901లో గ్లాస్గోకు చెందిన ఒక దాత ధనసాయంతో అక్కడ దోమల దండును ఏర్పాటు చేశారు.

ఈ దండు పని వినడానికి అతి సామాన్యం. కొందరు ఇంటింటికీ తిరిగి పగిలిన సీసాలు, ఖాళీ డబ్బాలు, పాత కుండలు ఏరి బండ్లకెత్తాలి. కొందరు గుంటలను మట్టితో పూడ్చాలి, కాలువలు తవ్వి నీటిని పారించాలి. పూడ్చ వీలుకాని చోట కిరసనాయిలు చల్లాలి. నూనె పొర కమ్మితే దోమ పిల్లలకు ఊపిరాడదు. గుడ్డు నుంచి దోమ వెలువడటానికి వేడి ప్రాంతాల్లో సుమారు వారం, పది రోజులు పడుతుంది కనుక వారానికొకసారి తిరిగి వస్తే చాలు. వారం తప్పితే మాత్రం చేసిన పనంతా వృథా. మందులు, ప్రయోగశాలలు అక్కరలేదు. నెలనెలా కూలి చెల్లించే పురపాలక సంఘం కావాలి. దండును ఎలా నడపాలో వివరిస్తూ ఆయన ఒక చిన్న పుస్తకమే రాశారు. ఫ్రీటౌన్‌లో మొదట వీధులు ఆరాయి. దాత ఇచ్చిన సొమ్ము నిండుకున్నాక పని సన్నగిల్లింది.

ఈజిప్టులోని ఇస్మాయిలియాలో కథ మరోలా నడిచింది. అది సూయజ్ కాలువ కంపెనీ పట్టణం. 1877లో మంచినీటి కాలువ తవ్వాక ఊరికి నీటితోపాటు మలేరియా కూడా వచ్చింది. కంపెనీ ఆహ్వానంపై 1902లో రాస్ అక్కడికి వెళ్లారు. ఇళ్ల కింది మురుగు గుంతల్లో వారం వారం నూనె పోయించారు. చిత్తడి నేలలు పూడ్పించారు. 1902లో 1,551గా ఉన్న జ్వరాల సంఖ్య 1903లో 214కు పడిపోయింది. ఆపై ఏటా ఇంకా తగ్గింది. దోమతెరలు లేకుండా నిద్రించే రోజులు వచ్చాయి. ఇక్కడ దాత లేడు, జీతాలిచ్చే యజమాని ఉన్నాడు. తేడా అంతా అక్కడే ఉంది. ఈజిప్టును మలేరియా రహిత దేశంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 అక్టోబరులో ప్రకటించింది.

తెలుగు నాట ఆరోగ్య సిబ్బంది శుక్రవారం డ్రై డే పేరిట ఇళ్లకు వచ్చి తొట్లు, కూలర్లు, పూలకుండీల పళ్లేలు, పాత టైర్లలోని నీటిని పారబోయించే కార్యక్రమానికి మూలం ఈ వారం లెక్కే. డెంగీ దోమ జాతి వేరు, అది పగటిపూట కుడుతుంది. అయినా లెక్క మారలేదు.

లాహోర్‌లో ఎదురుదెబ్బ

పుట్టిన దేశంలో మాత్రం రాస్ మాట నెగ్గలేదు. లాహోర్ సమీపంలోని మియాన్‌మీర్ కంటోన్మెంట్‌లో 1902 నుంచి 1909 వరకు దోమల నిర్మూలన ప్రయోగం నడిచింది. సాగునీటి కాలువలు అల్లుకున్న ప్రదేశమది. ఆశించినంత ఫలితం రాలేదని అక్కడి వైద్యాధికారులు తేల్చారు. కాలువలు పూడ్చడం కన్నా జనానికి కొయినా మాత్రలు పంచడమే చౌక అన్న వాదన బలపడింది. తక్కువ ఖర్చుతో, చిన్న స్థలంలో అరకొరగా చేసి విఫలమైందనడం అన్యాయమని రాస్ ఏళ్ల తరబడి వాదించారు. ఆయన ఆగ్రహంలో న్యాయం లేకపోలేదు. అయితే మైళ్ల కొద్దీ పంటపొలాలు తడిసే పల్లెసీమకు పట్టణపు దండు పద్ధతి యథాతథంగా సరిపోదన్న అధికారుల మాటలోనూ నిజముంది.

ఈ పరాజయమే ఆయనను చిన్ననాటి ఇష్టమైన గణితం వైపు నడిపించిందనాలి. 1907-08లో మారిషస్ దీవికి వెళ్లి, పిల్లల పొట్టలు తడిమి ఎందరికి ప్లీహం పెరిగిందో, పల్లెజనం మాటలో బల్ల కట్టిందో లెక్కించారు. ఊరిలో మలేరియా ఎంత ఉందో తెలుసుకునే ఈ పద్ధతి తరువాత చాలా దేశాల్లో వాడుకలోకి వచ్చింది. ఆ లెక్కల నుంచి ఒక సూత్రం తేల్చారు. దోమలను పూర్తిగా తుడిచిపెట్టనక్కరలేదు, వాటి సంఖ్య ఒక హద్దుకు దిగువకు చేరితే చాలు, మలేరియా దానంతటదే అంతరిస్తుంది. 1910లో వెలువడిన మలేరియా నివారణ గ్రంథంలో దీనిని విపులీకరించారు. అంటువ్యాధులను గణితంతో అంచనా వేసే శాస్త్రం నేడు ఎంతో విస్తరించింది. దాని పునాదుల్లో ఈ లెక్క ఒకటి.

1911లో ఆయనకు సర్ బిరుదు లభించింది. 1914లో తొలి ప్రపంచ సంగ్రామం మొదలైన నెలలోనే పెద్ద కుమారుడు ఫ్రాన్స్‌లో యుద్ధభూమిలో మరణించాడు. తన సేవకు ప్రభుత్వం తగిన ప్రతిఫలం ఇవ్వలేదన్న అసంతృప్తి రాస్‌ను చివరిదాకా వదలలేదు. 1923లో ప్రచురించిన ఆత్మకథలోనూ ఆ చేదు కనిపిస్తుంది. 1926లో లండన్ శివారులోని పట్నీలో ఆయన పేరిట పరిశోధనా సంస్థ, ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. మరుసటి జనవరిలో కలకత్తాలో తాను పనిచేసిన ఆసుపత్రి వద్ద నిర్మించిన స్మారక ద్వారం ఆవిష్కరణకు ఆయన స్వయంగా హాజరయ్యారు. భార్య రోసా 1931లో కన్నుమూశారు. 1932 సెప్టెంబరు 16న తన పేరిట వెలసిన ఆ సంస్థలోనే రాస్ తుదిశ్వాస విడిచారు. పట్నీ వేల్ శ్మశానవాటికలో భార్య సమాధి పక్కనే ఆయనను ఖననం చేశారు.