జేన్ డఫ్ చరిత్రము

మన ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల బాలబాలికలకు గొఱ్ఱెలమందలును, కంబళి గప్పుకొన్న కాపరులును క్రొత్త కాదు. ఆస్ట్రేలియా ఖండమందలి విక్టోరియా సీమలో నటీముక్ అను నూరికి సమీపమున జాన్ డఫ్ అను నట్టి కాపరి యొకఁడు గుడిసె వేసికొని భార్యయైన హన్నాతోఁ గాపురముండెను. వలసవచ్చిన తెల్లవారు క్రొత్తగా మందలు నిలుపుచున్న కాలమది. ఆ యింట ముగ్గురు పిల్లలుండిరి. తొమ్మిదేండ్ల ఐజక్, ఏడేండ్ల జేన్ హన్నా మొదటి భర్తయైన కూపర్ బిడ్డలు. కడగొట్టువాఁడు ఫ్రాంక్ డఫ్. వానికి నాలుగేండ్లైనను నిండలేదు.

1864 సంవత్సరము ఆగస్టు 12వ తేది శుక్రవారమునాఁడు తల్లి వారిని చీపుళ్లకుఁ బనికివచ్చు పుల్లలు తెమ్మని పంపెను. మన తల్లులును బిడ్డలను బంపు పనియే గదా! కాని యా నేల మన మెట్టభూమివంటిది కాదు. మన పొలములలో నెచట నిలిచినను ఏదో యొక గుట్ట కానవచ్చి దారి చెప్పును. అచటనో, ఏ దిక్కు చూచినను ఒకే రీతి పొదలు. సాయంకాలమునకుఁ బిల్లలు తిరిగి రాలేదు.

ఆగస్టు అచట చలికాలము. తండ్రియు, ఇరుగుపొరుగు మందలవారును గుఱ్ఱములెక్కి దినముల తరబడి వెదకిరి. ఇంతలో వాన కురిసి యడుగుల జాడలను జెఱిపివేసెను. తుదకుఁ దండ్రి యా దేశపు ఆదిమవాసులలో జాడలు తీయుటయందు నేర్పరులైన ముగ్గురిని బిలుచుకొని వచ్చెను. వారిని తెల్లవారు డిక్-ఎ-డిక్, జెర్రీ, ఫ్రెడ్ అని పిలిచెడివారు. విఱిగిన కొమ్మను, నలిగిన గడ్డిని చూచుకొనుచు వారు సాగిరి. చిన్నవానిని పెద్దవారు ఎచట నెత్తుకొనిరో, ఎచట దింపిరో కూడ నేలను జూచియే చెప్పిరఁట.

తొమ్మిదవ దినమున, అనఁగా 20వ తేదిని, ఒక చెట్టుక్రింద ముగ్గురును బ్రాణములతో దొరకిరి. నిలువ శక్తిలేని జేన్ తన గౌను విప్పి తమ్మునికిఁ గప్పియుండెను. రాత్రులయందుఁ దల్లి నేర్పిన ప్రార్థన చెప్పుకొనియే నిద్రించితిమని పిల్లలు పిమ్మటఁ దెలిపిరి.

జేన్ పేరు దేశమంతట మ్రోఁగెను. ఆమె కథ విక్టోరియా పాఠశాలల వాచకమున కెక్కెను. ఐజక్ కూడ తమ్మునిఁ బలుమాఱు మోసినవాఁడే. అతనికంత కీర్తి రాకపోవుట నాకు న్యాయముగాఁ దోఁపదు. జాడ తీసినవారి విషయమింకను విచారకరము. డిక్-ఎ-డిక్కుకు జుంగున్‌జినానుకె అను సొంత పేరుండెను, ఆ పేరెఱిఁగినవారెందఱు? 1868లో ఇంగ్లండునకు వెళ్లిన ఆదిమవాసుల క్రికెట్ జట్టులో నతఁడొకఁడు. ఆట ముగిసిన పిదప జనులు విసరు బంతులను సన్నని డాలుతోఁ దప్పించి చూపి యతఁడు ప్రేక్షకులను విస్మయపఱచెడివాఁడు.

జేన్ పెండ్లియాడి పదునొకండుగురు బిడ్డలను గని, పేదఱికముననే సంసారమీఁదెను. ఆమె యిబ్బంది విని, వాచకమున నామె పాఠము చదివిన పిల్లలు తమ చిల్లర కాసులు కూడఁబెట్టి యామెకుఁ బంపిరి. ఆమె 1932లో హార్షమ్ పట్టణమునఁ గన్నుమూసెను. మూఁడేండ్లకు, పిల్లలు తప్పిపోయిన తావునకుఁ జేరువను స్మారక శిలను నిలిపిరి. దాని వెలయుఁ బడిపిల్లల కాసులనుండియే వచ్చెను.