రాయిలో అడవిని చదివిన సాహ్ని

గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి... మన దగ్గర చాలా ఇళ్లలో ఎవరో ఒకరు బొగ్గుబాయిలో పనిచేసినవాళ్లే. ఆ బొగ్గు ఒకప్పుడు అడవి. 25 కోట్ల ఏళ్లకు ముందు, గోదావరి లోయ చిత్తడి నేలల్లో ఆకులు, కొమ్మలు పూర్తిగా కుళ్లకుండా పేరుకుపోయి పీట్ అయ్యాయి. మట్టి బరువుకు నలిగి, వేడెక్కి బొగ్గుగా మారాయి. మరి ఆ అడవి ఎలా ఉండేదో ఇప్పుడు చెప్పొచ్చా? చెప్పొచ్చని మన దేశంలో దారి వేసిన మనిషి బీర్బల్ సాహ్ని.

1891 నవంబర్ 14న, ఇప్పటి పాకిస్థాన్‌లోని భేరాలో పుట్టారు. తండ్రి లాహోర్‌లో కెమిస్ట్రీ చెప్పేవారు. 1911లో డిగ్రీ అయ్యాక కేంబ్రిడ్జ్ వెళ్లి, సీవార్డ్ దగ్గర శిలాజ మొక్కల మీద పని మొదలుపెట్టారు. 1919లో తిరిగొచ్చి, 1921లో లక్నో యూనివర్సిటీ బాటనీ విభాగానికి తొలి హెడ్ అయ్యారు. 1936లో రాయల్ సొసైటీ ఫెలోగా ఎన్నికయ్యారు.

ఆయన పని జిగ్‌సా పజిల్ లాంటిది. రాజ్‌మహల్ కొండల్లో విడివిడిగా దొరికిన కాండం, ఆకులు, పూలు ఒకే మొక్కవని తేల్చి, 1932లో దాని పూర్తి రూపం గీసి చూపించారు.

ఆకు కూడా దొరకని చోట పుప్పొడి సాయపడుతుంది. దాని పైపొర గట్టిది, కోట్ల ఏళ్లయినా చెడదు. మొక్కను బట్టి ఆకారం మారుతుంది. మా సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో అది అడవి లాగ్ ఫైల్. పొర పొరా లెక్కపెడితే ఏ చెట్లు ఎప్పుడు పెరిగాయో, ఎప్పుడు తగ్గాయో తెలుస్తుంది.

సాహ్ని కూడా పొరబడ్డారు. పంజాబ్ సాల్ట్ రేంజ్ ఉప్పులో దొరికిన సూక్ష్మ మొక్క ముక్కల్ని నమ్మి, దాని వయసు సుమారు 5 కోట్ల ఏళ్లేనని వాదించారు. అది 50 కోట్ల ఏళ్లు దాటినదని తర్వాత తేలింది. పాత పొరలోకి కొత్త రేణువు చేరితే లెక్కంతా తప్పుతుంది.

శిలాజ మొక్కలకే ఒక సంస్థ ఉండాలన్నది ఆయన కల. దానికోసం భార్య సావిత్రితో కలిసి సొంత ఆస్తి, పుస్తకాలు, శిలాజాలు ఇచ్చేశారు. 1949 ఏప్రిల్ 3న నెహ్రూ శంకుస్థాపన చేశారు. పునాదిరాయిలో శిలాజాలు పొదిగించింది సాహ్నియే. సరిగ్గా వారానికి గుండెపోటుతో పోయారు. అప్పటికి 57 ఏళ్లు. సావిత్రి ఆగలేదు, బాధ్యత తన భుజాన వేసుకున్నారు. 1953లో భవనం తెరుచుకుంది.

నీలగిరుల పీట్‌లోని పుప్పొడినీ, మన గోదావరి లోయ బొగ్గులోని పుప్పొడినీ చదివింది ఆ సంస్థ శాస్త్రవేత్తలే. ఎమ్మెస్సీ బాటనీ, జియాలజీ చేసినవాళ్లకు అక్కడ పీహెచ్‌డీ దారి ఉంది. బాయి పక్కన పెరిగిన మన పిల్లలు ఆ వైపు కూడా ఓసారి చూడాలి.