గద్దల కోసం గొడవపడ్డ ఇల్లాలు

కోడిపిల్లల్ని తన్నుకుపోయే గద్దంటే ఎవరికి మాత్రం ఇష్టం ఉంటుంది? అమెరికాలోనూ అంతే. 1782 నుంచీ ఆ దేశపు ప్రభుత్వ ముద్ర మీద ఉన్నది తెల్లతల గద్దే. బాల్డ్ ఈగిల్ అంటారు దాన్ని. ముద్ర మీద దాని గౌరవం వేరు, చెట్టు మీద దాని గతి వేరు! సాల్మన్ చేపల్ని తినేస్తోందని అలాస్కాలో 1917 నుంచి గద్దను చంపి కాళ్లు తెచ్చిన వాళ్లకి అర డాలరు బహుమానం ఇచ్చేవారు. 1923లో దాన్ని డాలరు చేశారు. 1953లో ఆ పద్ధతి పూర్తిగా పోయేసరికి లక్షకు పైగా గద్దలు బలైపోయాయి.

ఈ అన్యాయం మీద గొంతెత్తిన వాళ్లలో ముందు చెప్పుకోవలసింది ఒక ఇల్లాలిని. పేరు రోజలీ ఎడ్జ్.

1877లో న్యూయార్క్‌లోని కలిగినవారింట పుట్టింది. 1909లో చార్లెస్ ఎడ్జ్ అనే ఇంజనీరును జపాన్‌లోని యొకొహామాలో పెళ్లాడింది. కొన్నేళ్లు ఆసియా దేశాల్లో కాపురం చేసి న్యూయార్క్ తిరిగి వచ్చాక ఆడవాళ్లకు ఓటు కావాలన్న ఉద్యమంలో చేరింది. సభలు పెట్టడం, కరపత్రాలు రాయడం, చందాలు పోగుచేయడం, పెద్ద పదవుల్లో ఉన్నవాళ్లను నిలదీయడం అన్నీ అక్కడే వంటబట్టాయి. 1917లో న్యూయార్క్ రాష్ట్రంలో ఆడవాళ్లకు ఓటు వచ్చింది. 1921లో మాత్రం ఆమె సంసారం విచ్ఛిన్నమైంది. విడాకులు లేవు, భర్త వేరు, ఆమె వేరు. ఇద్దరు పిల్లలతో మిగిలిపోయిన ఆమెకు ఊరి మధ్యలోని సెంట్రల్ పార్కులో పిట్టల్ని చూడటం ఊరటయింది.

ఒక్కతే లేచి నిలబడింది

1929 వేసవిలో పారిస్‌లో ఉండగా ఒక కరపత్రం చేతికొచ్చింది. పక్షుల్ని కాపాడాల్సిన పెద్ద సంఘమే వేటగాళ్లతో, తుపాకుల కంపెనీలతో రాజీపడి కళ్లు మూసుకుంటోందని దాని సారాంశం. రాసిన వాళ్లలో ఒకరైన విల్లార్డ్ వాన్ నేమ్ మ్యూజియం ఉద్యోగి. తమ అనుమతి లేకుండా ఏదీ అచ్చువేయకూడదని పైవాళ్లు ఆయన నోరు కట్టేశారు. రోజలీకి ఉద్యోగం లేదు, పోతుందన్న భయమూ లేదు! ఆ అక్టోబరులో జాతీయ ఆడుబాన్ సంఘం వార్షిక సమావేశానికి వెళ్లి, కరపత్రంలోని ఆరోపణలకు జవాబు చెప్పమని పెద్దల్ని అడిగింది. వాళ్లకు ఒళ్లు మండిపోయింది.

ఆమె ఊరుకుంటేనా! అదే ఏడాది ఎమర్జెన్సీ కన్జర్వేషన్ కమిటీ పెట్టింది. పేరు పెద్దదే గానీ పనిచేసేది ఇద్దరో ముగ్గురో. సంఘం సభ్యుల జాబితా ఇవ్వమంటే ఇవ్వలేదు. 1931లో కోర్టుకెక్కింది. ఎదుటి పక్షం లాయరు ఆమెను గయ్యాళి అని ఎగతాళి చేశాడు. జాబితా మాత్రం ఆమె చేతికొచ్చింది. లూసియానాలో ఆ సంఘం నడిపే రక్షిత ప్రాంతంలోనే ఉచ్చులు వేసి జంతువుల్ని పట్టి, బొచ్చు అమ్మి సొమ్ము చేసుకుంటున్న సంగతి బయటపడింది. 1934లో సంఘం అధ్యక్షుడు తప్పుకున్నాడు.

కొండనే కొనేసింది

పెన్సిల్వేనియాలో ఒక కొండ మీదుగా ఏటా శరదృతువులో వేలకొద్దీ డేగలు, గద్దలు వలస పోతాయి. జనం సరదాకి తుపాకులు పట్టుకుని కూర్చుని వాటిని కాల్చేవారు. నేలకూలిన పక్షుల ఫొటోలు చూసిన రోజలీ 1934లో దాదాపు 1,400 ఎకరాల ఆ కొండను కొనే హక్కుతో సహా 500 డాలర్లకు కౌలుకు తీసుకుంది. తర్వాత కొనేసింది. కాపలాకు మారిస్ బ్రౌన్, ఆయన భార్య ఇర్మా వచ్చారు. తుపాకులతో వచ్చే వాళ్లను దారి దగ్గర ఆపి వెనక్కి పంపడం ఇర్మా వంతు! వేటపక్షుల కోసం ప్రపంచంలో వెలసిన మొదటి రక్షణాలయం అది. పేరు హాక్ మౌంటెన్.

చట్టం, దాని సందులు

అలాస్కా బహుమానాల మీద రోజలీ కమిటీ 1930 నాటికే కరపత్రం వేసింది. చట్టం రావడానికి పదేళ్లు పట్టింది. 1940లో తెల్లతల గద్దను చంపినా, పట్టినా, అమ్మినా, గూడు ముట్టుకున్నా నేరమన్నారు. 500 డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు. మ్యూజియాలకూ, శాస్త్రపరిశోధనకూ అనుమతి తీసుకోవచ్చన్నారు. అంతా బాగానే ఉంది గానీ అలాస్కాను మాత్రం వదిలేశారు! ఆ సందు మూతపడింది 1959లో.

ఇంకో సందూ ఉంది. తెల్లతల గద్దకు నాలుగైదేళ్లు వచ్చేదాకా తల తెల్లబడదు. పిల్ల గద్ద చూడటానికి బంగారు గద్దలాగే ఉంటుంది. పొరపాటున కాల్చామంటే ఎవరేం చేస్తారు? అందుకే 1962 అక్టోబరులో బంగారు గద్దనూ చట్టంలో చేర్చారు. ఆదివాసులు మత ఆచారాలకు ఈకలు వాడుకునేందుకు అనుమతి ఇచ్చే వీలూ అప్పుడే వచ్చింది.

అయితే తుపాకీని ఆపిన చట్టం పురుగుమందును ఆపలేకపోయింది. డీడీటీ వల్ల గుడ్ల పెంకులు పల్చబడి పగిలిపోయేవి. హాక్ మౌంటెన్‌లో బ్రౌన్ ఏళ్ల తరబడి వేసిన లెక్కలే ఇందుకు సాక్ష్యం. 1935-39లో కనిపించిన తెల్లతల గద్దల్లో నూటికి 40 పిల్లలైతే, 1955-59 నాటికి 20 మాత్రమే. రేచల్ కార్సన్ 1962లో వచ్చిన తన సైలెంట్ స్ప్రింగ్ పుస్తకంలో ఈ లెక్కలు చూపింది. 1963లో అలాస్కా కాకుండా మిగతా ప్రధాన భూభాగంలో 417 జంటలే మిగిలాయి. 1972లో డీడీటీని నిషేధించాక సంఖ్య పెరిగి, 2007లో తెల్లతల గద్దను ప్రమాదంలో ఉన్న జీవుల జాబితా నుంచి తీసేశారు.

తర్వాతా నియమాలు మారుతూనే ఉన్నాయి. గాలిమరలు, కరెంటు లైన్ల వంటి వాటి వల్ల అనుకోకుండా గద్దలకు హాని జరిగితే ఏమిటన్న ప్రశ్నకు 2009లో పర్మిట్లు పెట్టారు. 2013లో వాటి గడువును 30 ఏళ్లు చేస్తే 2015లో కోర్టు కొట్టేసింది. అయిదేళ్లకోసారి సమీక్షించాలన్న షరతుతో 2016లో మళ్లీ తెచ్చారు. 2024లో షరతులకు సరిపోయే వాటికి ఒక్కొక్కదాన్నీ విడిగా పరిశీలించకుండానే ఇచ్చే జనరల్ పర్మిట్ల పద్ధతి వచ్చింది. గాలిమర కావాలి, గద్దా కావాలి. ఏది ఎంతవరకు అన్నది తేలాలంటే కొండ మీద కూర్చుని లెక్కపెట్టేవాళ్లు ఉండాలి, ఆ లెక్క చూపించి అడిగేవాళ్లూ ఉండాలి.

1962 నవంబరులో, ఒకప్పుడు తనను గయ్యాళిగా చూసిన ఆడుబాన్ సంఘం సభకు 85 ఏళ్ల రోజలీ వెళ్లింది. సభంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఆ నెలాఖరునే ఆమె కన్నుమూసింది. బంగారు గద్దకు చట్టం వచ్చి అప్పటికి నెల దాటింది, అంతే.