రామదాసు పాటలు, మారిన వరుసలు

ఖమ్మము సీమలో వైరా ఏరు మున్నేటితో కలిసి కృష్ణకు పోవును. ఈశాన్యమున భద్రాచలము వద్ద గోదావరి పారును. ఈ రెండు నదుల నడిమి నేలతోనే కంచెర్ల గోపన్న బ్రతుకు ముడిపడియున్నది. ఆయన పుట్టినది కృష్ణ వైపున నేలకొండపల్లి. పేరు తెచ్చినది గోదావరి యొడ్డున భద్రాద్రి. నడుమనున్న వైరా ప్రాంతపు పల్లెలలో రామభజన యన్నచో రామదాసు పాటయే. అయినను ఆ పాటను గోపన్న స్వయముగా ఏ వరుసలో పాడెనో చెప్పగలవారు నేడు ఎక్కడను లేరు.

గోపన్న సుమారు 1620 ప్రాంతమున జన్మించెనని చెప్పుదురు. తండ్రి లింగన్న, తల్లి కామాంబ, నియోగి కుటుంబము. గోలకొండ కొలువులో పేరుమోసిన అక్కన్న మాదన్నలు ఆయనకు మేనమామలు. రఘునాథ భట్టాచార్యుల వద్ద వైష్ణవ దీక్ష గైకొనెననియు, కబీరు రామతారకమును ఉపదేశించెననియు భక్తులు చెప్పుకొందురు. కబీరు అంతకు శతాబ్దమునకు పైగా ముందటివాడు గనుక ఈ రెండవ మాటను కథగానే తలపవలెను. కాని హిందూ మహమ్మదీయ భేదము నెంచని ఒక భక్తుని గోపన్నకు గురువుగా నిలుపుటలో ప్రజల మనస్సు కానవచ్చును.

తానీషా యని జనులు పిలుచు అబుల్ హసన్ కుతుబ్‌షా 1672లో గోలకొండ గద్దె నెక్కెను. మేనమామల పలుకుబడితో గోపన్న పాల్వంచ పరగణాకు తహశీల్దారు అయ్యెను. పన్ను వసూలు చేయుట, లెక్క వ్రాయుట, సొమ్ము ఖజానాకు పంపుట ఆయన పని. భద్రగిరిపై పోకల దమ్మక్క యను భక్తురాలు తాటాకు పందిరి క్రింద రాముని కొలుచుచుండెనని స్థలకథ. అచ్చట గుడి కట్టించుటకు గోపన్న చందాలు పోగుచేసెను; అవి చాలనందున సర్కారు సొమ్మును వాడెను. అది ఆరు లక్షలని వాడుక. భక్తుని దృష్టిలో అది సేవ, ప్రభుత్వపు దృష్టిలో అపహరణము. ఈ రెండవ దృష్టిని పూర్తిగా కొట్టివేయుట న్యాయము కాదు. ఆ ధనము రైతు కట్టిన శిస్తు.

శిక్ష గోలకొండ చెర. అది పండ్రెండేండ్లని పరంపర. కోటలో రామదాసు బందిఖానాగా చూపు కొట్టును నేటికిని చూడవచ్చును. గోడమీద సీతారామలక్ష్మణులు, హనుమంతుడు చెక్కబడియున్నారు. పాటలన్నియు ఈ గోడల నడుమనే పుట్టెననుట సరికాదు; ఉత్సవ సంతోషము నిండినవియు అనేకము కలవు. కాని లోకము గుండెలో నాటుకొన్నవి చెరసాల పాటలే.

వానిలో ఒకటి సంగీతమునకంటె ముందు లెక్కల పుస్తకమును తలపించును. భరతునకు చేయించిన పచ్చల పతకము, శత్రుఘ్నునకు బంగారు మొలత్రాడు, సీతమ్మకు చింతాకు పతకము, రామునికి కలికితురాయి వరుసగా వచ్చును. వేటికి ఎంత వెచ్చించెనో అంకెలతో వచ్చును. ఇది తహశీల్దారు చేతివ్రాత! ఆ వెంటనే, ఈ సొమ్ము ఎవడబ్బదని రాముని నిలదీయును. పిమ్మట ఒక్కసారిగా మెత్తబడి, దెబ్బలకు తాళలేక తిట్టితినని వేడుకొనును. లెక్క, కోపము, పశ్చాత్తాపము అను ఈ క్రమమే ఆ కీర్తనకు ప్రాణము.

రామలక్ష్మణులే బంట్ల రూపమున వచ్చి, పైకము చెల్లించి, గోపన్నను విడిపించిరని కథ. గోపన్న విడుదలయై భద్రాచలము చేరెను. 1687లో ఔరంగజేబు సేనలకు గోలకొండ లొంగెను. గోపన్నను చెరలో నుంచిన తానీషాయే దౌలతాబాదు కోటలో ఖైదీయై కన్నుమూసెను. అయినను శ్రీరామనవమికి ప్రభుత్వము తరఫున ముత్యాల తలంబ్రాలు పంపు ఆచారము ఆయన పేరిటనే నిలిచియున్నది.

గోపన్న రెండు విధములైన సాహిత్యమును విడిచిపోయెను. ఉత్పల చంపకమాలల దాశరథీ శతకము ఒకటి. దానిని ఛందస్సు కాపాడెను. ఒక గణము తప్పినచో బడిపిల్లవాడే పట్టుకొనును. కీర్తనలకు అట్టి కావలి లేదు. ఆ కాలమున వరుసను స్వరపరచి వ్రాయు అలవాటు లేకుండెను. ఒకరు పల్లవి అందించుట, గుంపు అందుకొనుట, అదే మట్టులో చరణము వెంట చరణము సాగుట, ఇదే వాని నడక. నోటినుండి నోటికి పోవుచు ప్రతి ఊరిలోను కొంత మారెను. అందుచేతనే ఒకే కీర్తనకు ఒక పుస్తకములో ఒక రాగము, మరియొక దానిలో వేరొక రాగము కనబడును.

ఆ పాట దూరము కూడ పోయెను. కావేరీ తీరమున మరుదానల్లూరు సద్గురుస్వామి భజన పద్ధతిని క్రమపరచినప్పుడు అందు రామదాసు కీర్తనలు చేరెను. త్యాగరాజు తన కృతులలోను, ప్రహ్లాద భక్తి విజయములోను ఆయనను స్మరించెను. గుంటూరు సీమకు చెందిన తూము నరసింహదాసు భద్రాచలము చేరి, ఆలయ సేవలను చక్కదిద్ది, తానును కీర్తనలు రచించెను.

ఇరువదవ శతాబ్దమున గ్రామఫోను, రేడియో వచ్చెను. మంగళంపల్లి బాలమురళీకృష్ణ విజయవాడ రేడియో భక్తిరంజని ద్వారాను, రికార్డుల ద్వారాను ఈ కీర్తనలకు క్రొత్త రూపము నిచ్చెను. రాముని మౌనమును తలచి కుమిలిపోవు ఆనందభైరవి కీర్తన ఆయన గొంతునుండియే ఇంటింటికి చేరెను. అందు మాట ఎచ్చటను విరుగదు, భావము నీరుగారదు. భజన చెక్కల చప్పుడులో మునిగిపోవు విన్నపము అచ్చట ఒంటరి ఖైదీ గొంతువలె వినబడును. ఇది బాగుచేయుటయే, సందేహము లేదు.

దీనికి చెల్లించిన వెల కూడ కలదు. రికార్డుకు నిడివి కొలత యున్నది. కచేరీలో ఈ పాటకు దొరకునది చివరి కొద్ది నిమిషములు. చరణములు రెండు మూడింటికి దిగును. విన్నపపు పాటకు దీనివలన పెద్ద నష్టము లేదు, ప్రతి చరణమును ఒకే వేదనను తెలుపును గనుక. లెక్కల పాట అట్లు కాదు. నగలు రెండు పాడి ఊరకున్నచో మొత్తము తేలదు. తిట్టు పాడి క్షమాపణ విడిచినచో గోపన్న ఉత్త కోపిష్టిగా మిగులును. ఎంత తీయని స్వరమైనను ఆ లోటును పూడ్చదు. పల్లెభజనలో శ్రుతి తప్పవచ్చును, తాళము పరుగెత్తవచ్చును. కాని తెలిసిన చరణము లన్నియు పాడనిదే హారతి వెలిగింపరు. పై పెచ్చు రేడియో వరుస వ్యాపించిన కొలది, ఊరి వరుస తప్పనుకొని పెద్దలే నోరు మూసుకొనిరి. అసలు వరుస ఏదో ఎవరికిని తెలియనప్పుడు ఒక వరుసను తప్పనుట ఎట్లు?

సినిమా వేరొక దారి పట్టెను. 1964లో చిత్తూరు నాగయ్య రామదాసు కథకు దర్శకుడై, తానే ఆ పాత్ర ధరించెను. 2006లో కె. రాఘవేంద్రరావు శ్రీరామదాసు తీయగా కీరవాణి సంగీతము కూర్చెను. అందు గోపన్న కీర్తనల సరసన నేటి కవుల పాటలును చేరెను. బాలురు అన్నింటిని రామదాసువే యని పాడుచుండుట వినవచ్చును. వరుస మారిన పాటకంటె ఇది ఎక్కువ జాగ్రత్త కోరు విషయము. ఏది ఎవరిదో తరగతిలో చెప్పుట ఉపాధ్యాయునికి కష్టము కాదు.

ఇప్పుడు భద్రాచలమున రామదాసు జయంతికి జరుగు వాగ్గేయకార ఉత్సవములలో తొమ్మిది కీర్తనలను నవరత్నములని ఎంచి గోష్ఠిగా పాడుచున్నారు. పదిమంది ఒక్కటిగా పాడవలెనన్న పాఠము ఒక్కటే యుండవలెను. అందుచే అచ్చట వరుస స్థిరపడినది. గుడి మెట్ల క్రిందనో, గోదావరి రేవులోనో కూర్చున్న భజన గుంపులు మాత్రము తమ ఊరి వరుసలనే పాడుచు, ఒక్కొక్క నగకు వెల చెప్పుకొనుచు, క్షమాపణ వరకు పోవుచున్నవి.