సముద్రం దాటిన దరఖాస్తు – ఎల్లాప్రగడ సుబ్బారావు జీవితం

డిగ్రీ ఆఖరు సంవత్సరం వచ్చేసరికి మన విద్యార్థులందరినీ వేధించే ప్రశ్న ఒక్కటే. తరువాత ఏమిటి? పై చదువులకు పోవాలని చాలామందికి ఉంటుంది. విదేశాలకు పోవాలని కొందరికి ఉంటుంది. కానీ ఎక్కడ మొదలుపెట్టాలో, ఏ కాగితం ఎవరిని అడగాలో, డబ్బు ఎక్కడినుంచి తేవాలో తెలియక, ఉన్న ఉత్సాహం కాస్తా వేసవి సెలవుల్లో ఆవిరైపోతుంది. ఏటా ఇలాంటి విద్యార్థులు సర్టిఫికెట్ల ఫైలు చంకన పెట్టుకుని నా దగ్గరకు వస్తూనే ఉంటారు. వాళ్ళందరికీ నేను చెప్పే కథ ఒకటుంది. ఈ సంచికలో దాన్ని మీ అందరికీ చెబుదామని నా కోరిక.

మాది దొరవారిసత్రం. గూడూరు నుంచి మద్రాసు పోయే రైలుదారిలో, ఒకపక్క నేలపట్టు చెరువు, ఆ వెనకాల పులికాట్ సరస్సు ఉన్న చిన్న ఊరు. ఒకప్పుడు నెల్లూరు జిల్లా, 2022 నుంచి తిరుపతి జిల్లా. ఎక్కడెక్కడి గూడబాతులో ఏటేటా వచ్చి నేలపట్టులో గూళ్ళు కట్టుకుంటాయి. మా ఊళ్ళో పుట్టిన పిల్లలు మాత్రం చదువుకోసం రైలెక్కి పోవలసిందే. ఆ దారినే, 1910ల్లో, గోదావరి ప్రాంతంనుంచి మద్రాసుకు చదువుకోసం వెళ్ళిన కుర్రవాడు ఒకడున్నాడు. ఆ రోజుల్లో రాజమండ్రి నుంచి మద్రాసు పోవాలంటే రైలు మా ఊరు దాటక తప్పదు. ఆ కుర్రవాడే ఎల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టాడు. తండ్రి జగన్నాథం గారు రెవిన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. జబ్బుపడి ఉద్యోగం మానుకోవలసి వచ్చింది. ఇంట్లో పేదరికం. పదమూడేళ్ళ వయసులో కాశీకి పోయి యాత్రికులకు అరటిపళ్ళు అమ్ముకుని డబ్బు గడిద్దామని ఇల్లు వదిలి పారిపోయాడట. దారిలోనే పట్టుకుని వెనక్కి తెచ్చారు. తల్లి వెంకమ్మ గారు పట్టుదల గల ఇల్లాలు. నగలు అమ్మి అయినా కొడుకును చదివించింది. ఆ కొడుకేమో మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పాడు. మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి గట్టెక్కాడు. సెకండ్ క్లాసు వచ్చిందని దిగులుపడి కూర్చునే మిత్రులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియెట్ చదువుతుండగా మనసు రామకృష్ణ మఠం వైపు మళ్ళింది. సన్యాసం తీసుకుంటానంటే తల్లి ఒప్పుకోలేదు. అప్పుడు మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాడు. కాబోయే మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు చదువుకు అండగా నిలిచారు. గాంధీగారి పిలుపు అందుకుని సుబ్బారావు ఆపరేషన్ గదిలోకి ఖద్దరు గౌను తొడుక్కుని వెళ్ళాడు. ఇది సర్జరీ ప్రొఫెసరైన దొరగారికి గిట్టలేదు. పరీక్షలు బాగానే రాసినా ఎం.బి.బి.ఎస్. దక్కలేదు. దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. సర్టిఫికెట్ చేతికిచ్చి పంపారు. ఒక గుడ్డ ముక్క కోసం పడ్డ ఆ మచ్చ ఆయన కాగితాలమీద చాలా ఏళ్ళు ఉండిపోయింది.

ఈ లోపల ఇంట్లో ఘోరం జరిగింది. స్ప్రూ అనే జబ్బు ఉంది. తిన్నది ఒంటపట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం తగ్గిపోతుంది. ఆ జబ్బుతో ఆయన సోదరులిద్దరు కొద్దిరోజుల తేడాలో కన్నుమూశారు. డాక్టరు చదువు చదివి కూడా తోడబుట్టిన వాళ్ళను కాపాడుకోలేకపోయాడు. అప్పటికి ఆ జబ్బుకు మందు ఏ పుస్తకంలోనూ లేదు మరి. ఉష్ణదేశాల వ్యాధుల గురించి నేర్పే హార్వర్డు చదువు మీదికి ఆయన చూపు ఎందుకు పోయిందో వేరే చెప్పనక్కర్లేదు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. ఇప్పుడు ఏ విదేశీ యూనివర్సిటీకి దరఖాస్తు పెట్టినా, మీరు ఈ చదువు ఎందుకు చదవదలచుకున్నారో రాయమంటారు. మనవాళ్ళలో చాలామంది ఆ కాగితాన్ని ఎవరో ఒకరికి డబ్బిచ్చి రాయించుకుంటారు. పదిమందివి పక్కపక్కన పెట్టి చూస్తే పేర్లు తప్ప అన్నీ ఒకటే. సుబ్బారావుకు ఆ కాగితం రాయడానికి ఇంకొకరు అక్కర్లేదు. తనకు ఏం తెలియలేదో, ఏం తెలుసుకోవాలో ఆయనకు స్పష్టంగా తెలుసు. దరఖాస్తులో అసలు ప్రాణం అదే. మిగతావన్నీ దాని చుట్టూ చేరే కాగితాలు.

కోరిక ఉన్నంతమాత్రాన ఓడ కదలదు గదా. మద్రాసు ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగం కోసం ప్రయత్నించాడు, రాలేదు. అంతమాత్రాన చేతులు ముడుచుకుని కూర్చోలేదు. డాక్టర్ లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం చెప్పే లెక్చరరుగా చేరాడు. అంతకుముందు తనకూ స్ప్రూ సోకినప్పుడు ఆ లక్ష్మీపతి గారి వైద్యమే నయం చేసింది. అందుకని ఆయుర్వేద మందుల్లోని గుణమేమిటో ఆధునిక పద్ధతుల్లో తేల్చాలన్న తపన కూడా కలిగింది. ఎదురుచూసిన కాలం వృథా కాలేదన్నమాట.

ఆ రోజుల్లో మద్రాసునుంచి బోస్టనుకు ఉత్తరం ఓడమీద పోవాలి. ఒక ప్రశ్న అడిగి జవాబు అందుకోవాలంటే నెలలు పట్టేది. మద్రాసు వచ్చిన ఒక అమెరికన్ డాక్టరుతో అనుకోకుండా పరిచయం కలిసింది. ఆయన ప్రోత్సాహంతో అడుగు ముందుకు పడింది. ఇక మిగిలింది డబ్బు. దానికి రెండు దారులు దొరికాయి. కోరంగి ప్రాంతంలో పుట్టి, రంగూన్‌లో గడించిన సంపదనంతా ధర్మానికి రాసిచ్చిన మల్లాడి సత్యలింగం నాయకర్ గారి పేర కాకినాడలో ఒక ధర్మసంస్థ ఉంది. అది సాయం చేస్తానని మాట ఇచ్చింది. రెండోది మళ్ళీ మామగారే. ఆయన తంటాలుపడి కొంత సొమ్ము కూడగట్టారు. భార్య శేషగిరి గారిని ఇంటి దగ్గర వదిలి సుబ్బారావు ఓడ ఎక్కాడు.

బోస్టను చేరాక సుఖపడ్డాడా అంటే అదీ లేదు. అక్కడ ఆ ఎల్.ఎం.ఎస్. పట్టాకు విలువ లేదు. డాక్టరుగా పనిచేయనివ్వలేదు. రాత్రిపూట ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు కడిగే పనికి కుదిరి, పగలు చదువుకున్నాడు. 1924లో ఉష్ణదేశ వ్యాధుల డిప్లొమా చేతికొచ్చింది. తరువాత హార్వర్డు వైద్యకళాశాల జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్కె దగ్గర చేరాడు. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో రంగును బట్టి కొలిచే పద్ధతిని ఇద్దరూ కలిసి 1925లో ప్రకటించారు. ఫిస్కె–సుబ్బారావు పద్ధతి అంటే మన బయోకెమిస్ట్రీ విద్యార్థులకు తెలియనిది కాదు. 1927లో కండరాల్లోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏ.టి.పి.ని వెలికితీశారు. జీవకణానికి రోజువారీ ఖర్చుకు పనికొచ్చే చిల్లర డబ్బులాంటిది ఈ ఏ.టి.పి. అదే సమయంలో జర్మనీలో లోమన్ కూడా విడిగా దాన్ని కనిపెట్టాడు. సుబ్బారావు చేతికి పిహెచ్.డి. పట్టా వచ్చింది 1930లో.

అంత చేసినా హార్వర్డులో ఆయనకు స్థిరమైన కొలువు దొరకలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ప్రయోగశాలకు మారాడు. ఆ తరువాత ఎనిమిదేళ్ళలో ఆయన నడిపిన బృందాలు చేసిన పనిని తలచుకుంటే ఒళ్ళు గగుర్పొడుస్తుంది. 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేశారు. స్ప్రూ రోగులకు అది సంజీవనిలా పనిచేసింది. సోదరులను మింగిన జబ్బుకు మందు ఆయన ప్రయోగశాలలోంచే వచ్చిందన్నమాట. ఆ ఫోలిక్ ఆమ్లానికి విరోధిగా పనిచేసే అమినోప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్తపు క్యాన్సరును కొంతకాలమైనా లొంగదీయగలిగాడు. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేట్‌ను నేటికీ వాడుతున్నారు. 1948లో బెంజమిన్ డగ్గర్ చేత ఆరియోమైసిన్ వెలువడింది. ఇక బోదకాలుకు హెట్రజాన్. మన కోస్తా జిల్లాల్లో ఊరూరా పంచిన డి.ఇ.సి. మాత్రలు అవే. ఆ మాత్ర మింగిన వాళ్ళలో ఎందరికి దాని వెనక ఒక భీమవరం వాడున్నాడని తెలుసు?

1948 ఆగస్టులో ఒక రాత్రి నిద్రలోనే ఆయన ప్రాణం పోయింది. వయసు 53. స్వదేశం తిరిగి రానేలేదు. పసితనంలోనే పోయిన కొడుకును కళ్ళారా చూసుకోలేదు. ఎదురుచూసిన శేషగిరి గారికి ఎదురుచూపే మిగిలింది. మన దేశం ఆయన పేర తపాలా బిళ్ళ వేసింది 1995లో, శతజయంతికి. ఆ మహనీయుడి ఘనతను చెప్పేటప్పుడు ఇంటిల్లిపాదీ కట్టిన ఈ మూల్యాన్ని దాచిపెట్టడం న్యాయం కాదని నా అభిప్రాయం. పొలం తాకట్టుపెట్టి పంపే తండ్రి, నగలు ఇచ్చే తల్లి నేటికీ ఉన్నారు. బయలుదేరేముందు వాళ్ళతో కూర్చుని ఖర్చెంత, అప్పెంత, ఎన్నాళ్ళు అన్నది దాపరికం లేకుండా మాట్లాడుకోవాలి.

సోదర విద్యార్థులారా! ఇవాళ ఉత్తరం క్షణంలో పోతుంది, దరఖాస్తు కంప్యూటర్ మీదే నింపవచ్చు. కానీ పని మాత్రం అదే. ఒక నోటుబుక్కు పెట్టుకోండి. ఏ యూనివర్సిటీకి గడువు ఎప్పుడు, ఏ కాగితం కావాలి, ఫీజు ఎంత, ధనసహాయం ఇస్తారా లేదా అన్నవి ఒక్కో పేజీలో రాసుకోండి. మార్కుల పత్రాలకు ముందే అర్జీ పెట్టండి, మన ఆఫీసుల సంగతి మీకు తెలియనిది కాదు. సిఫారసు ఉత్తరం కోసం మీ పని ఎరిగిన గురువును కనీసం నెలన్నర ముందు అడగండి. పెద్ద హోదా ఉన్నా మీ మొహం తెలియని వారిచ్చిన ఉత్తరం దండగ. మార్కుల్లో లోపముంటే బెంగపడకండి, దాని తరువాత మీరేం చేశారో చూపించండి. ఒక ఏడు ఆగవలసివస్తే ఆ ఏడు పనికొచ్చే పని చెయ్యండి.

అన్నిటికంటే ముందు, ఈ చదువు నాకెందుకు అన్న ప్రశ్నకు మీ సొంత జవాబు వెతుక్కోండి. అది దొరికితే తక్కువరకం పట్టా చేతపట్టుకుని కూడా సముద్రం దాటవచ్చునని సుబ్బారావు గారి జీవితం మనకు సాక్ష్యం చెబుతోంది.