నామదేవుడినే పచ్చి కుండన్న కుమ్మరి

కుంభారి (షోలాపూర్): అక్కినేని ‘చక్రధారి’ (1977) చూసినవాళ్లకు గోరా కుంభార్ కొత్తేం కాదు. 13వ శతాబ్దపు కుమ్మరి. ఊరు షోలాపూర్‌కు ఉత్తరాన, ధారాశివ్ జిల్లాలోని తేర్. విఠలుడి ధ్యాసలో మట్టి తొక్కుతూ కాళ్ల కింద పడ్డ కన్నబిడ్డనే చూసుకోలేదని కథ. జనం దానికే కన్నీళ్లు పెట్టుకుంటారు గానీ, చేతిపని నమ్ముకున్న మన మగ్గాల పేటల్లో చెప్పుకోవాల్సింది ఇంకోటుంది.

సంతులంతా కూడినప్పుడు ముక్తాబాయి అడగ్గా, గోరా కుండలు తట్టే చెక్కతో ఒక్కొక్కరి తల తట్టి చూశాడట. అంతా ఓర్చుకున్నారు. నామదేవుడు మాత్రం గయ్యిమన్నాడు. ఈ కుండ ఇంకా కాలలేదని గోరా తేల్చేశాడు. దేవుడితో నేరుగా మాట్లాడతాడని పేరున్న మనిషి మరి! అవమానంతో విఠలుడికే మొరపెట్టుకుంటే, ఆయనా కుమ్మరి మాటే ఖాయం చేశాడంటారు. ఆ తర్వాతే నామదేవుడు విసోబా ఖేచరుడికి శిష్యుడయ్యాడు.

సంతులకు గోరా ‘కాకా’. తేరణా నది ఒడ్డున ఆయన సమాధి గుడి ఉంది.